ఏ వయసుకి చేతిలో ఏం పెడతాం?

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళ సమావేశంలో రిటైరైన అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాన్నా, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఎగిరినా ఫర్వాలేదులే, వాటిలో పెద్దగా ఏమీ లేదు.

నన్ను మనిషి ఎదుగుదల గురించి మాట్లాడమన్నారు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా. ముప్ఫై రెండేళ్ళు టీచర్ ట్రైనింగుకి వచ్చిన పిల్లలకి ఇదే పాఠం చెప్పాను. బోర్డు మీద ఓ పట్టిక గీసేదాన్ని. ఈ వయసు, ఈ దశ, ఈ లక్షణం. మనిషి ఎదుగుదలని దశలుగా విడగొట్టిన మనస్తత్వ శాస్త్రవేత్తలు, పియాజే ఒక పక్క, ఎరిక్సన్ ఒక పక్క. పిల్లలు బట్టీ పట్టి, పరీక్ష రాసి, ఇంటికెళ్ళి మర్చిపోయేవారు. నేనూ ఇంటికెళ్ళి మర్చిపోయేదాన్ని. అందులో నా తప్పొకటుంది, అది చివర్లో చెప్తాను.

ఇవాళ పట్టిక వద్దు. ఒక్కటే ప్రశ్న అడుగుతాను, మీరూ నాతోపాటు ఆలోచించండి. మన ఇళ్ళలో ఏ వయసుకి మనిషి చేతిలో ఏం పెడతారు? అంతే. మనిషి లోపల్నుంచి తనంతట తానే పెరిగిపోతాడని మనం అనుకుంటాం. సగం నిజమే. మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో ఏం పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు లాగేసుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదట పెట్టేది ఏమిటి? చెప్పండి. పిల్ల బోర్లా పడితే? ఆ, బొబ్బట్లు. కూర్చుంటే? కుడుములు. అడుగులేస్తే అరిసెలు. పలుకులొస్తే పంచదార చిలకలు. చూశారా, ముందు వరసలో పెద్దవాళ్ళంతా ఒకేసారి అందుకున్నారు. వెనక కుర్రాళ్ళు మాత్రం మొహాలు చూసుకుంటున్నారు.

ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. ఎక్కడా నెల లేదు. నాలుగో నెలకి బొబ్బట్లు అని ఎవరూ అనలేదు. పడ్డప్పుడే బొబ్బట్లు. ఇప్పుడు కోడళ్ళందరి ఫోన్లలో ఒక యాప్ ఉంటుంది. మీ బిడ్డకి ఎనిమిదో నెల, పాకుతోందా? లేదు. ఇక టెన్షన్. పక్కింటి పిల్ల పాకుతోంది, మన పిల్ల పాకట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు అయిదు దేశాల పిల్లల్ని చూశారు, మన దేశం పిల్లలూ అందులో ఉన్నారు. 2006లో లెక్క బయటపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా కూర్చునేది ఎప్పుడు? దాదాపు నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఎప్పుడైనా. తమంతట తాము నడిచేది? ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల దాకా. ఎంత తేడా చూడండి! ఇంకో తమాషా ఏమిటంటే, వందలో నలుగురు పిల్లలు మోకాళ్ళ మీద పాకనే పాకలేదు, నేరుగా లేచి నడిచేశారు. అంటే పిండివంటల లెక్క పెట్టుకున్న మన అమ్మమ్మలు యాప్ కంటే నయం. ఆ గడువులు దాటిపోయినా కూర్చోకపోతే, నడవకపోతే మాత్రం అరిసెల కోసం కూర్చోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అది వేరే సంగతి.

అయితే నడక దానంతట అదే వస్తుందా, మనం నేర్పితే వస్తుందా? కెన్యాలో కిప్సిగిస్ అనే జనం ఉన్నారు. వాళ్ళ ఊళ్ళో చార్లెస్ సూపర్ అనే ఆయన పిల్లల్ని గమనించి 1976లో రాశాడు. అక్కడి తల్లులు నేలలో చిన్న గుంత తవ్వి, అందులో బిడ్డని కుదురుగా కూర్చోబెడతారు. చేతులు పట్టుకుని రోజూ నడిపిస్తారు. ఆ పిల్లలు అమెరికా పిల్లల కంటే ముందే కూర్చున్నారు, ముందే నడిచారు. మరి పాకడం? అది మాత్రం ముందు రాలేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ నేర్పలేదు. మనం కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, చేతులూ కాళ్ళూ సాగదీసి నీళ్ళు పోస్తాం కదా. తర్వాత మూడు చక్రాల బండి చేతికిస్తాం కదా. మనం మురిపెం అనుకుంటాం, నిజానికి అదంతా శిక్షణే.

ఇక మాటలు. ఇది మన సరిహద్దు వాళ్ళ సొంత ఆస్తి, కాబట్టి కాస్త ఆగుతాను. వాంకూవర్‌లో జానెట్ వెర్కర్ అనే ఆవిడ ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకి హిందీలోని 'త', 'ట' వినిపించింది. ఆరేడు నెలల పిల్లలు ఆ తేడా చక్కగా పట్టుకున్నారు. అదే పది, పన్నెండు నెలలు వచ్చేసరికి పట్టుకోలేకపోయారు. ఇది 1984 నాటి మాట. చెవి పోయిందా? చెవికేమీ కాలేదు. ఇంట్లో ఎవరూ ఆ తేడా వాడట్లేదు కాబట్టి బుర్ర దాన్ని పక్కన పెట్టేసింది. అంటే ఏడాది నిండకముందే బిడ్డ తన ఇంటి భాషకి చెవిని మలుచుకుంటుంది.

మరి మన పిల్లల సంగతి? పెరట్లో నాయనమ్మ 'జగన్నాథా' అంటుంది, వీధిలో పక్కింటి ఒడియా నాయనమ్మ, జేజేమా, 'జొగొన్నాథొ' అంటుంది. పిల్ల రెండూ విని రెండూ దాచుకుంటుంది. మన ఇళ్ళలో పెద్దక్కని అప్ప అంటాం. ఒడియా ఇళ్ళలో? అపా. ఆ పిల్లకి ఏ అప్ప ఏ భాషలో అప్పో ఎలా తెలుస్తుంది చెప్పండి? తెలియక్కర్లేదు. ఎవరి దగ్గర ఏ మాట వాడితే బిస్కెట్టు దొరుకుతుందో తెలిస్తే చాలు. రెండు భాషలైతే పిల్లలు గందరగోళపడతారని నాకు చెప్పిన పంతుళ్ళున్నారు. నేను ముప్ఫై రెండేళ్ళలో గందరగోళపడ్డ తల్లిదండ్రుల్ని చూశాను గానీ, ఆ కారణంగా గందరగోళపడ్డ పిల్లని చూడలేదు.

అక్షరాలు తొందరగా దాటేస్తాను. మనం పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని దిద్దిస్తాం. ఒడియావాళ్ళు వినాయక చవితికి ఖడి ఛువాఁ చేస్తారు, పిల్లాడి చేతికి సుద్దముక్క ఇచ్చి గుండ్రాలు దిద్దిస్తారు. ఒకరు బియ్యం, ఒకరు సుద్ద. ఆ మర్నాడే బడిలో ఇద్దరికీ ట్యాబ్ ఇస్తున్నారనుకోండి.

మా పుట్టిల్లు బరంపురం. మగ్గాల వీధి. నాకు ఆరేళ్ళప్పుడు చేతిలో పెట్టింది కండె. మగ్గం సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నాడె అంటే మగ్గం మీద అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళేది. కండె అంటే ఆ నాడెలో పెట్టే, దారం చుట్టిన పుల్ల. మొదట నా పని అటూ ఇటూ కండెలు అందించడం. తర్వాత రాట్నం దగ్గర కూర్చుని చుట్టడం. దారం వేళ్ళ మధ్య నుంచి జారుతుంటే ఎంత బిగువుగా పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. గట్టిగా పడితే తెగిపోతుంది. వదులుగా పడితే కండె మీద గుట్టలా పేరుకుని, రేపు నాడె పరిగెత్తేటప్పుడు చిక్కుపడుతుంది. చిక్కుపడితే మా నాన్న నన్నేమీ అనేవారు కాదు. మగ్గం ఆపేవారు. ఆ టకటక శబ్దం ఆగిపోవడమే నాకు తిట్టు. మా వీధిలో మగ్గం ఆగితే పక్కింటివాళ్ళకి కూడా తెలిసిపోతుంది, ఇవాళ ఆ పిల్ల చుట్టిన కండె చిక్కుపడిందని.

వైగోట్‌స్కీ అనే రష్యా ఆయన ఏమన్నాడంటే, పిల్ల ఒంటరిగా చేయలేనిది, పెద్దవాళ్ళు పక్కనుంటే చేయగలిగేది ఒకటుంటుంది, చదువంతా అక్కడే జరుగుతుంది అన్నాడు. ఇది చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా రాట్నం గుర్తొచ్చింది. మీ పర్లాకిమిడిలో పశువుల కొమ్ములతో బొమ్మలు చెక్కే ఇళ్ళలో చూడండి. పిల్లాడికి మొదటి రోజే కొంగ మెడ చెక్కమని ఎవరూ చెప్పరు. కొమ్ముకి మెరుగు పెట్టమంటారు. ఆ మెరుగు పెడుతూ పెడుతూ కొమ్ము ఎక్కడ పలచనో వేలికి తెలుస్తుంది.

ఆగండి, ఇక్కడొక మాట. నేనేదో బాలకార్మికుల్ని పొగుడుతున్నానని ఎవరూ అనుకోకండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. 2016లో చట్టం మార్చినప్పుడు ఇంటి పనిలో, అదీ బడి అయ్యాక, సాయం చేయొచ్చని ఒక సందు ఉంచారు. ఆ సందులోంచి ఎంతమంది పిల్లలు బడికి దూరమవుతున్నారో నాకు తెలుసు. మా నాన్న నన్ను బడికి పంపారు. మా పక్కింటాయన వాళ్ళ అమ్మాయిని పంపలేదు. ఇద్దరం ఒకేలా కండెలు చుట్టేవాళ్ళం. తేడా రాట్నంలో లేదు.

అదే రాట్నం దగ్గర మా తాత కూర్చునేవాడు. ఒకప్పుడు గుంత మగ్గం మీద పట్టు నేసినవాడు. మోకాళ్ళు మొరాయించి గుంతలోకి దిగలేక కండెల దగ్గరికొచ్చాడు. నేను పైకెళ్తున్నాను, ఆయన దిగివచ్చాడు, ఇద్దరం మధ్యలో కలిశాం. ఆయన చుట్టిన కండె ఒక్కటి కూడా చిక్కుపడేది కాదు. అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పదమూడు, పద్నాలుగేళ్ళు. మన ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషైతే ఏం చేస్తాం? ఓ మూల కూర్చోబెడతాం. చిమ్మిలి పెడతాం. చుట్టాలొస్తారు, హారతిస్తారు, వోణీ వేస్తారు. ఈమధ్య చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు, ఆ పిల్ల ఫొటోతో. మరీ అంత అవసరమా? ఆ పిల్ల మర్నాడు అదే చౌరస్తా మీదుగా సైకిలు తొక్కుకుంటూ బడికెళ్ళాలి కదా. ఎవరైనా అడిగారా ఆ పిల్లని?

అదే వీధిలో ఒడియా ఇంటికెళ్ళండి. జూన్ నడుమ రజ పండగ. మూడు రోజులు. నేలతల్లికే ఋతుస్రావం అంటారు. అందుకని ఆ మూడు రోజులూ దున్నరు. ఆడపిల్లలు పని చేయరు, కొత్త బట్టలు కట్టుకుని, కాళ్ళకి పారాణి లాంటి అలతా పెట్టుకుని ఉయ్యాలలూగుతారు. నాలుగో రోజు నేలతల్లికి స్నానం. ఒక్క పిల్లని పీట మీద కూర్చోబెట్టి అందరూ చూడటం ఒక పద్ధతి. ఊళ్ళో పిల్లలందరికీ, నేలకి కూడా, ఒకేసారి సెలవివ్వడం ఇంకో పద్ధతి. ఒకరు చేతిలో చిమ్మిలి పెట్టారు, ఇంకొకరు ఉయ్యాల తాడు పెట్టారు. మా చిన్నప్పుడు నాకు రెండూ దక్కాయి. మీలోనూ చాలామందికి దక్కి ఉంటాయి. నన్నడిగితే ఉయ్యాలకే నా ఓటు.

ఇంకో తేడా ఉంది, ఇది పైకి కనపడదు. మనకి మేనమామ కొడుకు ఎవరు? బావ. చిన్నప్పట్నుంచీ నీ మొగుడొచ్చాడే అని ఏడిపిస్తారు. ఒడియా ఇంట్లో మేనమామ కొడుకు భాయి, అంటే అన్నయ్య. ఒకే వయసు పిల్లలు, ఒకే బడి, ఒకే బెంచీ. ఒక పిల్ల సెలవులకి మామయ్య ఇంటికెళ్తే సిగ్గుపడాలి, రెండో పిల్ల వెళ్తే కొట్లాడుకోవాలి. ఆ వయసులో ఒంట్లో జరిగేదంతా ఇద్దరికీ ఒకటే. సిగ్గు ఎవరి దగ్గర పడాలో మాత్రం చుట్టరికం చెప్తుంది. మేనరికాలు మంచివని నేననట్లేదు సుమా, డాక్టర్లు వద్దంటారు, నేనూ వద్దంటాను.

మరి మగపిల్లాడికి? వాడి చేతిలో ఏం పెడతాం? ఒడుగు కొన్ని కులాలకే. మిగతావాళ్ళకి పండగా లేదు, పిండివంటా లేదు. గొంతు మారితే నవ్వుతాం, మీసమొస్తే వెక్కిరిస్తాం. మన గంజాం వైపు అయితే ఓ రోజు చేతిలో రైలు టికెట్టు పెడతారు. సూరత్. మరమగ్గాల మీద పన్నెండు గంటల డ్యూటీ. జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికా ఆయన 2000లో ఒక కొత్త దశ కనిపెట్టాడు. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ దాకా మనిషి పూర్తిగా పెద్దవాడు కాడట, అదీ ఇదీ ప్రయత్నించి చూసుకునే వయసట. నేను క్లాసులో ఇది చెప్తుంటే వెనక బెంచీలో ఒకబ్బాయి అన్నాడు, మేడమ్, మా అన్నయ్యకి ఆ దశ రైల్లోనే అయిపోయింది అని. అందరూ నవ్వారు. నాకు ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు. అయితే ఆర్నెట్ కూడా ఇది అన్నిచోట్లా ఉండదనే రాశాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

నలభై ఏళ్ళవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. వాళ్ళిక్కడ లేరు కూడా, డ్యూటీల్లో ఉన్నారు. ఒక చేతిలో పిల్లల ఫీజు రసీదు, ఇంకో చేతిలో అమ్మానాన్నల మందుల చీటీ. తర్వాతి తరాన్ని పెంచి పోషించడమే ఆ వయసు పని అని ఎరిక్సన్ అంటాడు. వాళ్ళకి చదువుకునే తీరికుంటే ఒప్పుకుంటారు.

ఇక మన సంగతికి వద్దాం. ముందు వరసల సంగతి. అరవై అంటే ఏమిటి? గవర్నమెంటుకి రిటైర్మెంటు. మన పంచాంగానికి? పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగి రావడం. నేను పుట్టింది శార్వరిలో, 1960. శార్వరి మళ్ళీ వచ్చింది 2020 ఉగాదికి, మార్చి 25న. ఆ రోజు ఇంకేం మొదలైందో గుర్తుందా? లాక్‌డౌన్. నా షష్టిపూర్తికి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. అదే ఏడాది రిటైర్మెంటు కూడా. బంగారు తాళిబొట్టు కట్టించుకున్నాను, ఆఫీసు తాళంచెవులు ఇచ్చేశాను. తర్వాత వెయ్యి పున్నములు, సహస్ర చంద్ర దర్శనం. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజుల పైచిలుకు. వెయ్యితో గుణిస్తే దాదాపు ఎనభై ఏళ్ళ పది నెలలు. ఆ లెక్క వేసినవాళ్ళు ముసలితనాన్ని ఒక్కటిగా చూడలేదు. అరవై వేరు, ఎనభై వేరు అన్నారు.

ఈ ఊళ్ళో నిలబడి ఒకాయన పేరు చెప్పకపోతే బాగుండదు. గిడుగు రామమూర్తి పంతులుగారు. పుట్టింది 1863. కుర్రవాడిగా ఈ ఊరికి మాస్టారుగా వచ్చారు. అడవుల్లో సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకున్నారు. మలేరియాకి క్వినైన్ వాడి వాడి చెవులు పోయాయి. వినికిడి లేని మనిషి, భాష మీద పని! 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్భై రెండు నిండాయి. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1938లో, అంటే డెబ్భై అయిదో ఏట. ఊరు పోయింది, చెవులు పోయాయి. చేతిలో ప్రూఫు కాగితాలు మాత్రం ఎవరూ లాక్కోలేదు.

అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం చెప్తాను. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు, 1976లో. ఒక అంతస్తులోవాళ్ళకి తలో మొక్క ఇచ్చి, దీన్ని మీరే చూసుకోవాలి, మీ రోజు ఎలా గడపాలో కూడా మీరే తేల్చుకోండి అన్నారు. ఇంకో అంతస్తులోవాళ్ళకీ మొక్కలిచ్చారు, కానీ నర్సులే నీళ్ళు పోస్తారు, మీకెందుకు శ్రమ అన్నారు. మూడు వారాల్లో తేడా తెలిసింది. మొదటివాళ్ళు హుషారుగా ఉన్నారు, నలుగురితో కలుస్తున్నారు.

ఈ ప్రయోగం నేను ఏటా క్లాసులో చెప్పేదాన్ని. బాగా చెప్పేదాన్ని. ఇప్పుడు నా తప్పు చెప్తాను.

పాతికేళ్ళ కిందటి మాట. మా అత్తగారికి డెబ్భై ఎనిమిది. రోజూ సాయంత్రం అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరేది. చూపు తగ్గింది. ఒక రాత్రి మా ఆయన పంటి కింద రాయి పడింది. పన్ను విరగలేదు, కానీ పెద్ద గొడవైంది. మర్నాడు నేను చేట తీసుకున్నాను. "మీరు హాయిగా కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను" అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆవిడ హాయిగా కూర్చుంది. నాలుగు రోజులు కూర్చుంది, నెల కూర్చుంది. తర్వాత టైమెంతైంది అని అడగడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలకోసారి. వంటయిందా? టైమెంత? నేను విసుక్కునేదాన్ని. ఇంక వయసైపోయింది, మతిమరుపు అనుకున్నాను. అదే వారం కాలేజీలో మొక్కల పాఠం చెప్పి వచ్చాను. చెప్పి వచ్చి, ఇంట్లో నీళ్ళు పోసే నర్సునయ్యాను. ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు.

తట్టింది కూడా నాకు కాదు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. చిక్కుడుకాయలు ఈనెలు తీయమని దానికిచ్చాను. అది ఆడుకోవడానికి పారిపోవాలి కాబట్టి, పళ్ళెం తీసుకెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పెట్టేసింది. జ్ఞానమేమీ లేదు, శుద్ధ బద్ధకం. నేను తిట్టడానికి వెళ్ళేసరికి ఆవిడ సగం పూర్తి చేసేసింది. కళ్ళు పళ్ళెం మీద లేవు, వీధిలో ఉన్నాయి. వేళ్ళు మాత్రం కాయ పొడుగునా జారుతున్నాయి. ఒక కాయ దగ్గర ఆగి, నొక్కి, పక్కన పడేసింది. నేను తీసి విప్పి చూశాను. లోపల పురుగు.

కళ్ళతో పట్టుకునే రాయి ఆవిడకి అందదు. వేళ్ళతో పట్టుకునే పురుగు నాకు అందదు. మా తాత మగ్గం దిగి రాట్నం దగ్గరికి రావడం నా కళ్ళతో చూసినదాన్ని, ఇంట్లో ఆవిడకి చేట తీసేసి ఇంకోటి చేతిలో పెట్టాలన్న సంగతి తెలుసుకోలేకపోయాను.

ఆ తర్వాత చిక్కుళ్ళు, బఠాణీలు, చింతపండు గింజలు తీయడం, అన్నీ ఆవిడవే. టైమెంత అని అడగడం పూర్తిగా మానలేదు, తగ్గించింది. ఇంకో ఆరేళ్ళు బతికింది. ఆఖరి చలికాలంలో కూడా కూరలవాడిని అరుగు దగ్గర ఆపి, బుట్టలోంచి ఒక్క కాయ తీసి నొక్కి చూసి, ఇవాళ వద్దు, పుచ్చులున్నాయి, రేపు రా అని పంపించేసేది. వాడు ఏడుపుమొహం పెట్టుకుని పక్క వీధికెళ్ళేవాడు.

టీ వచ్చినట్టుంది. తాగుతూ ఏమైనా అడగండి.